గోలి రాయని డాక్టరమ్మ

గోలి ఇయ్యరా? ఇది నాలుగోపారి అడుగుడు, డాక్టరమ్మా! పొద్దుగాల మెదక్‌ల కోళ్లన్నిట్ని నేనే లేపొచ్చి లైన్ల నిలవడ్డ. మీరేమో మళ్ల “పండుకోవెట్టు, మంచిగ తినవెట్టు” అంటరు. గంత మాట చెప్పనీకి గింత పెద్ద దవాఖాన ఎందుకు?

జర నా మనుమరాలి కండ్లు చూడుండ్రి. మా మమత ఇంట్ల తిరుగుతుంటె లైట్లు బంద్ చేస్తున్నం, గంత పచ్చగున్నయి! బట్టల దుకాన్ల దినమంత చీరలు మడతవెట్టే పిల్ల, ఇప్పుడు దుప్పటి సుత ఎత్తుతలేదు. నెల సంది మెతుకు ముట్టలే... సరే, నాలుగొద్దుల సంది.

హెపటైటిస్ బి అన్నరు. గోలి ఉన్నదా అంటె ఉన్నదన్నరు. ఇయ్యుండ్రంటె ఇప్పుడొద్దన్నరు! వయసు పిల్ల, ఒంట్ల మిలట్రోళ్లే వైరస్‌ను తరుముతరట. నూటికి తొంబైఅయిదు మందికి గట్లనే పోతదట. గోలితోని ఇప్పుడు ఒరిగేది లేదట, లివర్ మొత్తానికే చేతులెత్తేస్తె అప్పుడిస్తరట.

మరి కండ్లెందుకు పచ్చవడ్డయంటె, అది సుత ఆ మిలట్రోళ్ల పనేనంటిరి! లివర్ల వైరస్ దాసుకున్న అర్రలు కూలగొడుతున్నరట. దొంగను పట్టుండ్రంటె ఇల్లు కూలగొడుతరా ఎవరన్న?

ఆరు నెలలైనంక మళ్ల పరీక్షనట. అప్పటిదాంక నేను ఆరుసార్లు సస్త!

ఆఁ? ఎట్లొచ్చిందో మళ్ల అడుగుతున్నరా? మొన్న చెప్తిని గద. సూదుల్లెవ్వు, రక్తమెక్కియ్యలే, పచ్చబొట్టు లేదు.

...మమతా, నువ్వు జర బైట కూసో బిడ్డా. తలుపు దగ్గరికెయ్యి.

శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయినం, డాక్టరమ్మా. మా ముసలాయన పేరు పచ్చబొట్టు నా చేతి మీద మాసిపోయిందని మళ్ల పొడిపిచ్చుకున్న. మా మమత సూది చూసి వణికింది. నేనే ఎక్కిరిచ్చిన. “డెబ్బై ఏండ్లదాన్ని నవ్వుకుంట పొడిపిచ్చుకున్న, నీకేం రోగమే?” అని గుంజి కూసోవెట్టిన. ఇంత చిన్న పువ్వు. మీరడిగితె చెప్పకు, తిడుతరు అని నిండు చేతుల అంగీ తొడిగి తెచ్చిన.

ఒకటే సూది. నా చేతిలకెల్లి తీసి, బట్టకు తుడిచి, దాని చేతికి. ముందుగాల నాకు.

మొన్న ఇంట్లోళ్లందరు పరీక్షకు రక్తమిచ్చిన్రు. మోకాళ్ల నొప్పులని నేనొక్కదాన్నే ఎగవెట్టిన. భయమైంది.

ఇగో, చెయ్యి. తియ్యుండ్రి, ఎంత కావాలంటె అంత.

ఏందట్ల చూస్తరు? ఈపారి ఎక్కువ చేసి చెప్తలేను.