యాభై రెండు అడుగులు

హలో… ఆ, నేనే బావా, వాసంతిని. మీ ఫోన్ కోసమే కూర్చున్న.

…ఆ, అమాకా చెప్పింది. నూరు మీటర్లు పన్నెండు పాయింట్ ఒకటి. యూనివర్సిటీ రికార్డు. …అక్కకు కూడా చెప్పిన్రా? మంచిది.

…లేదు, సంతోషమే. నా గొంతే ఇట్లుంటది.

…స్వీట్లు ఇంకా పంచలే. పేపర్ల రాసేటాయనకు అంకె ఇచ్చిన్రా? …సాయంత్రం వస్తడా. అయితే ఇయ్యకుండ్రి.

…ఎందుకంటే, మీ గ్రౌండ్‌ల నూరు మీటర్లు లేవు.

…తమాషకు అంటలే బావా.

నేను కాదు, అమాకా అంటున్నది. నిన్న ట్రయల్స్ నుంచి వచ్చి అన్నం ముట్టలే. మేడ మీద తన కిరాయి అర్రకు పోకుండ మా మెట్ల మీదనే కూర్చున్నది. గెలిచినంక గిట్ల కూర్చునుడు ఏందమ్మా అని అడిగిన. రెండు అడుగులు తక్కువ పడ్డయి ఆంటీ, అన్నది.

…అడుగులే. నైజీరియాల వాళ్ల ఊరి బడికి స్టాప్‌వాచ్ లేదట. టీచరమ్మ అడుగులు లెక్కపెట్టిచ్చి పరుగెత్తించేదట. ఆ అలవాటు పోలే. రెండేండ్ల నుంచి నూరు మీటర్లకు యాభై రెండు. జ్వరమొచ్చినా యాభై రెండే. నిన్న యాభైకే గీత వచ్చేసింది.

…మీరు నవ్వుతరని తెలుసు. నేనూ నమ్మలే. అందుకే పొద్దున తార్నాక నుంచి నడుచుకుంట పోయి కొలిచిన.

…నేనే. హబ్సిగూడల సర్వే పనిచేసే దానియేలు అన్న దగ్గర స్టీలు టేపు తెచ్చుకున్న. ఒక కొస అమాకా పట్టుకున్నది. తొంభై ఆరు మీటర్ల పది సెంటీమీటర్లు.

…రెండుసార్లు కొలిచిన.

…గీతలేసే రాజలింగాన్ని ఏమనకుండ్రి. ఏటా వేసినట్టే వేసిండు. ఇరవై అయిదు మీటర్ల నూలు తాడు, నాలుగుసార్లు జరిపి సున్నం పోసిండు. కాకుంటే ఈసారి తాడు వానలల్ల షెడ్డు బయటనే పడున్నది. నూలు తాడు తడిస్తే గుంజుకపోయి పొట్టిగైతది. మా దండెమూ అంతే. ఎండాకాలం వేలాడుతది, ఆగస్టు వచ్చేసరికి మేకు ఊడబెరుకుతది.

…బట్టలు ఆరేసేటోళ్లకు తెలుస్తది బావా. స్పోర్ట్స్ డైరెక్టర్లకు ఎవరు చెప్తరు.

…లేదు, ఎవరికీ చెప్పలే. …ఆ, ఎవరూ అడగరు. నిజమే.

…తెలుసు. పన్నెండున్నర లోపల వస్తేనే పూనా పోటీలకు పోయే టీముల చోటు. నేనూ లెక్కేసిన. తక్కువపడ్డది కలిపితే పన్నెండున్నరకు అటో ఇటో. …అవును, అటే కావొచ్చు. ఆఖరు సంవత్సరమని, మళ్ల చాన్సు లేదని ఆమెకూ తెలుసు.

…చెప్పి చూసిన బావా. మీరు ఇప్పుడు అన్నదే నేనూ అన్న. పోనియ్యమ్మా, ఎవరు చూసిన్రని. సిగ్గైంది అన్నంక. ఆమె ఏమన్నదో తెలుసా? "పూనాల నూరు మీటర్లే ఉంటయి గదా ఆంటీ."

…ఆ, వింటున్న. …రేపు పొద్దున ఆరున్నరకు మళ్ల ఉరికిస్తరా. సరే. మిగతా పిల్లలనూ రమ్మనుండ్రి, అందరి టైములూ తప్పే గదా.

…టైములు రాసిన టీము ఫారం మీ ముందటనే ఉన్నదా? అయితే ఇప్పుడే కొట్టేయుండ్రి. నేను లైన్‌ల ఉంట. …పెన్సిల్ వద్దు, పెన్నుతోని.

…ఆగుండ్రి. పేరు కాదు బావా. పేరు ఉండనియ్యుండ్రి. అంకె ఒక్కటే.

…కొట్టేసిన్రా. …సరే.

…తాడా? నేనే తెచ్చిన. దాని మీద బట్టలు ఆరేసిన.

…అమాకా ఇంట్ల లేదు. మీరు ఒప్పుకుంటరో లేదో కూడా చూడలే. టేపు, సున్నం డబ్బా పట్టుకొని గ్రౌండుకే పోయింది. మొదలు గీత వెనకకు జరుపుతదట.

…నాలుగు మీటర్లు కాదు బావా. మూడు మీటర్ల తొంభై.

ఉంట.