బంతి పక్కన గునుగు

సకల జనుల సమ్మె రోజులు. మణికొండలో ఒక అపార్ట్‌మెంటు పూలమడి దగ్గర పై ఫ్లాటు కాకినాడ ఆవిడా, కింది ఫ్లాటు వరంగల్ ఆవిడా మాట్లాడుకుంటున్నారు.

"వెనక పసుపు బంతి, ముందు ఎర్ర బిళ్లగన్నేరు. ఎలా ఉందండీ?"

"మంచిగున్నది. నడుమ ఖాళీ ఏంది?"

"పిచ్చిమొక్కలు లేస్తే పొద్దున పీకేశాను. తెల్లటి కుచ్చులు పూశాయి చూడండి, అవి."

"అది గునుగు వదినా. రేపటి బతుకమ్మల పెడదామని వానకాలంల నేనే గింజలు చల్లిన."

"అయ్యో! బజార్లో దొరకదా?"

"బస్సులు బంద్ గద. పూలు ఎట్ల వస్తయి?"

"బంద్ చేసింది మీవాళ్లేగా."

"మా ఆయన గూడ సమ్మెలనే ఉన్నడు."

"పీకినవి గోడ పక్కనే పడేశానండి. ఇంకా వడిలిపోలేదు."

"గునుగు అంత జల్ది వాడదు. బంతి పక్కన వరుస పేరుస్తే మస్తుగుంటది."

"అయితే నా బంతీ కోసుకోండి."

"మీ మడి బోసిపోతది."

"పోనివ్వండి. రాష్ట్రం విడిపోతే ఫ్లాటు అమ్మేద్దామంటున్నారు మావారు."

"అమ్ముతరా?"

"ఏమో."

"గింజలు రాలినయి. వచ్చే యేడు గునుగు మళ్ల మొలుస్తది."

"మొలిస్తే మంచిదేగా?"

"ఏం మంచిది? అది పిచ్చిమొక్క గాదని కొత్తోళ్లకు మళ్ల మొదటి నుంచి చెప్పాలె నేను."