ప్రకటనను అక్షరాల్లో పెట్టించిన నెల్బా ఎచెవెర్రి గారికి

1988 మార్చి 14, సోమవారం ఉదయం ఏడున్నరకు శ్రీమతి నెల్బా ఎచెవెర్రి గారు మా సెర్రో క్లారో పాల సహకార సంఘంలో టైపిస్టుగా చేరడానికి వచ్చారు. ఆఫీసు ఎనిమిదింటికి తెరిచారు. గేటు బయట నిలబడ్డ ఆ అరగంటను కూడా సర్వీసులో కలపాలని ఆమె, కుదరదని సంఘం, ముప్పై ఏడేళ్లుగా స్నేహపూర్వకంగా వాదించుకుంటూనే ఉన్నారు. పదవీ విరమణ పత్రాల్లో సైతం ఈ విషయం తేలలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

తొలి తొమ్మిదేళ్లు ఆమె ఉత్తరాల విభాగంలో అందరి ఉత్తరాలూ టైపు చేశారు; వాటిలోని తప్పులు దిద్ది, దిద్దినట్టు ఎవరికీ చెప్పకుండా, నలుగురు మేనేజర్లకు మంచి భాష వచ్చునన్న కీర్తిని సంపాదించి పెట్టారు. 1997లో సిబ్బంది విభాగానికి మారారు. ఉద్యోగం కోసం వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, మాటే అనే మా ఆకు తేనీటి గిన్నె చేతికిచ్చి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినేవారు. ఇందువల్ల పని ఆలస్యమవుతోందని మేము ఫిర్యాదు చేశాము. ఫిర్యాదు చేయడానికి వెళ్లిన మా చేతికీ మాటే ఇచ్చారు.

2017లో సంఘం ఆధునికమైంది. దరఖాస్తులన్నీ ఇక వెబ్‌సైట్‌లోనే అని పాలకవర్గం తీర్మానించింది. ఆ పేజీ తయారుచేసే గౌరవం కంప్యూటర్ విభాగంలో ఉన్న నాకు దక్కింది. మా సంఘంలో మేనేజరు సంతకం, ఊదారంగు గుండ్రటి స్టాంపు పడనిదే ఏ కాగితమూ కాగితం కాదు. పుట్టినరోజు కేకు తెమ్మని రాసిన చీటీకి కూడా పడతాయి. కాబట్టి నేను ఉద్యోగ ప్రకటనను కంప్యూటర్లో టైపు చేసి, కాగితం మీద ముద్రించి, సంతకమూ స్టాంపూ వేయించి, దాన్ని ఫొటో తీసి, ఆ ఫొటోను వెబ్‌సైట్‌లో పెట్టేవాణ్ని. ఇందులో వింత ఏముందో నాకప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యాక, అంతకుముందు ఎందుకు అర్థం కాలేదో అర్థం కాలేదు.

2019లో వికలాంగులకు మా వెబ్‌సైట్ అందుబాటులో ఉండాలని ఐదుగురితో ఒక కమిటీ వేశారు. వికలాంగులను ఏమని పిలవాలన్న విషయంపై ఆ కమిటీ మూడు సమావేశాలు జరిపి, రెండు డజన్ల తీపి బన్నులు ముగించి, పేజీ మూలన చక్రాల కుర్చీ బొమ్మ పెట్టాలని నిర్ణయించింది. ఆ బొమ్మను నొక్కితే, "మా వెబ్‌సైట్ అందరిదీ" అన్న హామీ పత్రం తెరుచుకుంటుంది. దానిమీద కూడా సంతకం, స్టాంపు ఉన్నాయి. అదీ ఫొటోయే. రెండేళ్లలో ఒక్క వికలాంగుడూ దరఖాస్తు పెట్టలేదు. "మన ఊళ్లో వారికి ఉద్యోగాసక్తి తక్కువ" అని కమిటీ అధ్యక్షురాలు మిర్తా గారు నివేదిక చదివారు. చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను.

2021 అక్టోబరులో ఒక బుధవారం నెల్బా గారికి ఫోన్ వచ్చింది. చేసినవారు ఎల్బియో సిల్వేరా. మూతపడ్డ మా ఊరి రేడియోలో తొమ్మిదేళ్లు శ్రోతల ఫోన్లు అందుకున్న మనిషి. పాడి రైతుల ఫిర్యాదులు ఫోన్లో వినే ఉద్యోగానికి మేము ప్రకటన ఇచ్చాము. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు.

"అమ్మా, నేను గుడ్డివాణ్ని. తెర మీదున్నది నా ఫోను చదివి వినిపిస్తుంది. మీ పేజీకొస్తే మాత్రం 'చిత్రం' అంటుంది. అంతే. ఏం చిత్రమమ్మా అది?"

"అదే బాబూ ప్రకటన."

"మరి ట్రాఫిక్ లైట్లున్న గడులు నొక్కమంటోందంట. నేను మనిషినని నిరూపించుకోవాలంట. మా చెల్లెలు చెప్పింది."

"నేను నింపి పెట్టనా?"

"మీరు నింపితే ఈసారికి గడుస్తుందమ్మా. నా వెనకాల వచ్చేవాళ్ల సంగతేంటి? ఇది నాకు నాలుగోసారి."

అంటే, ఊళ్లో ఆసక్తి లేనివారు ఎవరా అని మేము రెండేళ్లుగా వెతుకుతున్నది ఈయన్నే.

నెల్బా గారు తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఫ్రోయిలాన్, ఓసారి కళ్లు మూసుకో."

"ఎందుకక్కా?"

"నువ్వు కట్టిన ఇల్లేగా, తలుపు వెతుక్కో చూద్దాం."

ఆమె నా ఫోనులో చదివే గొంతు పెట్టారు. కళ్లు మూసుకున్నాను. "చిత్రం. చిత్రం. బటన్. బటన్. పెట్టె. పెట్టె," అంది గొంతు. ఏ పెట్టెలో పేరు, ఏ పెట్టెలో చిరునామా రాయాలో నాకు తెలియలేదు, అవి పెట్టింది నేనే అయినా. పుట్టిన తేదీ అనుకుని ఏదో రాశాను. జీతం ఎంత ఆశిస్తున్నారన్న చోట 1971 పడింది. పది నిమిషాలు కాగానే "మీ సమయం ముగిసింది" అని చెప్పి పేజీ నేను రాసిందంతా తుడిచేసింది. ఆ పది నిమిషాల గడువు కూడా నా ఆలోచనే. ఎందుకు పెట్టానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

గురువారం ఆమె మేనేజరు ఒలివెరా గారి గదికి వెళ్లారు. సాంకేతిక సాక్షిగా నన్నూ వెంటబెట్టుకెళ్లారు.

"స్టాంపు లేని ప్రకటన ఏం ప్రకటనమ్మా?" అన్నారు మేనేజరు.

"చూపు లేనివాళ్లకి స్టాంపు కనపడదు కద సార్."

"కనపడకపోయినా ఉంటుంది కదా!"

నెల్బా గారు నా వైపు చూశారు. నాకా మాట అప్పుడు సబబుగానే తోచిందని సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను.

"ఫొటో అలాగే ఉండనివ్వండి సార్. పైన అవే మాటలు అక్షరాల్లో పెడదాం."

"ఎవడైనా ఆ అక్షరాలు మార్చేస్తే? బాధ్యత ఎవరిది?"

"నాది."

"ఇంకో నాలుగేళ్లలో పెన్షన్ పెట్టుకుని ఈ తలనొప్పి మీకెందుకమ్మా? సరే, రాసివ్వండి."

ఏ తప్పు జరిగినా విచారణకు తానే నిలబడతానని ఆమె అక్కడికక్కడే రాసిచ్చారు. దానిమీద సంతకమూ స్టాంపూ పడ్డాయి.

శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి లేవకుండా ఇద్దరం పనిచేశాము. ప్రకటన అక్షరాల్లోకి వచ్చింది. ప్రతి పెట్టెకూ పేరు పెట్టాము. ట్రాఫిక్ లైట్లు పోయాయి, పది నిమిషాల గడువు పోయింది. ప్రతి మార్పుకూ ఎల్బియో గారికి ఫోన్ చేసి, "ఇప్పుడేమంటోంది బాబూ?" అని ఆమె అడిగేవారు. మూడున్నరకు, "పంపించే బటన్ మీదికి ఎంత వెతికినా పోలేకపోతున్నానమ్మా," అన్నారాయన. నేను పేజీ అంతా మళ్లీ మొదటినుంచి తిరగేశాను. ఆ బటన్‌ను కూడా నేను బొమ్మగానే గీశానని నాలుగుంబావుకు తెలిసింది. నాలుగూ నలభై రెండుకు దరఖాస్తు వచ్చింది. నెల్బా గారు చల్లారిపోయిన మాటేను కొత్తదేమో అన్నంత తృప్తిగా తాగారు.

తరవాతి ప్రకటనకు వికలాంగుల నుంచి దరఖాస్తులు ఏడు వచ్చాయి. చేతులు స్వాధీనంలో లేక మౌస్ పట్టుకోలేని ఒక లెక్కల టీచరు, చూపు సన్నగిల్లిన ఒక శీతల గిడ్డంగి నిపుణుడు, ఇంకా ఐదుగురు. మిర్తా గారు తీవ్రంగా కలవరపడ్డారు.

"ఇంతమంది ఒక్కసారిగా ఎక్కణ్నించొచ్చారు నెల్బా? ఊళ్లో ఏదైనా ప్రమాదం గాని జరిగిందా?"

"జరిగింది మిర్తా. 2017లో."

ఎల్బియో గారికి ఆ ఉద్యోగం రాలేదు. ఇంటర్వ్యూలో ఆయన రెండో స్థానంలో నిలిచారు; పాడి పశువుల జబ్బుల గురించి ఎక్కువ తెలిసిన ఒక అమ్మాయికి అది దక్కింది. మేమంతా నొచ్చుకున్నాము. ఓదార్చాలని నేనే ఆయనకు ఫోన్ చేశాను.

"బాధెందుకు సార్?" అన్నారాయన. "కుదరదన్న మీ ఉత్తరం నేనే చదువుకున్నా, ఎవరూ చదివి పెట్టకుండా. ఇన్నాళ్లకి నన్ను మనుషులు వద్దన్నారు. ఇదివరకు పెట్టెలు వద్దనేవి."

ఓడిపోయిన మనిషి అంత హుషారుగా ఎలా ఉన్నారని నెల్బా గారిని అడిగాను. "నువ్వెప్పుడూ గేటు దగ్గరే ఆగిపోలేదుగా, నీకెలా తెలుస్తుంది?" అన్నారు. మరుసటి ఏడాది కొనుగోలు విభాగంలో ఖాళీ వస్తే ఎల్బియో గారు మళ్లీ దరఖాస్తు పెట్టి, మొదటి స్థానంలో నిలిచి, చేరారు. ఇప్పుడు నా పక్క బల్లే. నా పేజీల్లో తప్పులు రోజుకు రెండు చొప్పున నాకు వినిపిస్తారు.

ఈ నెలాఖరుకు ఖాళీ అవుతున్న నెల్బా గారి స్థానానికి ప్రకటన, అక్షరాల్లోనే, పోయిన సోమవారం వెలువడింది. ఉదయం తొమ్మిదీ నాలుగుకు వచ్చిన మొదటి దరఖాస్తు ఎల్బియో సిల్వేరా గారిది. ఒక మాట సాయం చేయరాదా అని నెల్బా గారిని అడిగితే, "దరఖాస్తు అందింది కదా. మిగతాది ఆయన చూసుకుంటాడు," అన్నారు. ఇంకా ముప్పై మంది ఉన్నారు. ఎవరు వస్తారో మాకెవరికీ తెలియదు. తెలియకపోవడం బాగుందని మొదటిసారి అనిపిస్తోంది.

మాన్యులైన నెల్బా గారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు ఆయుష్షు, మాట వినే మోకాళ్లు, భంగం కలగని మధ్యాహ్న నిద్ర ప్రాప్తించాలని, వారి భర్త రూబెన్ గారు మాటేకు నీళ్లు మరగకముందే దించడం ఇకనైనా నేర్చుకోవాలని, నెల్బా గారు రప్పించిన ఆ దరఖాస్తులన్నింటినీ న్యాయంగా చదివే బుద్ధి మాకు నిలవాలని యావత్ సిబ్బంది తరఫున మనసారా కోరుకుంటున్నాను.

ఫ్రోయిలాన్ బెంతాంకూర్,
కంప్యూటర్ విభాగం