ఆపి అడిగిన అయ్యవారు

1989వ సంవత్సరం నవంబరు పదిహేడవ తేదీన, పరిగి మండలంలోని ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో శ్రీ మార్కండేయులుగారు ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. ధర్మవరంలో పట్టుచీరలు నేసిన కుటుంబంలో బడిగడప దాటి కళాశాలకు వెళ్లిన తొలివ్యక్తి వారు. సుద్దముక్క తప్ప మరో సాధనం లేని ఆ బడిలో చింతగింజలతో ఎక్కాలు, ఇంటినుంచి తెచ్చిన పట్టుదారంతో కోణాలు నేర్పారు.

అనంతరం పెనుకొండలో గణితోపాధ్యాయులుగా పదోన్నతి పొంది, 2014లో హిందూపురంలోని మన ఉన్నత పాఠశాలకు విచ్చేశారు. కంప్యూటరంటే మనలో అనేకులు ఆమడదూరం పరుగెత్తే రోజుల్లో, యాభయ్యేళ్ల వయసులో, విద్యార్థుల పక్కన బల్లమీద కూర్చుని దాన్ని నేర్చుకున్న నిగర్వి.

2023లో తరగతికి డిజిటల్ బోర్డు వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని వారే నవ్వుతూ చెప్పుకున్నట్టు, వీడియో వెంట వీడియో ప్రదర్శించి, అందరికంటే ముందు పాఠాలు పూర్తిచేశారు. పిల్లలు కిక్కురుమనకుండా చూస్తుంటే అర్థమైందనుకున్నారు. అర్ధ సంవత్సర పరీక్షలో తొమ్మిదో తరగతిలోని నలభైరెండు మందిలో ముప్పైఒక్కరు తప్పారు.

వారిలో షహీన్‌కు నూటికి తొమ్మిది మార్కులు. పంక్చర్ షాపు నడిపే ఆమె తండ్రి బుడన్‌సాబ్, ఈ పిల్లకు చదువు అబ్బదని తేల్చుకుని, టీసీ తీసుకుని కుట్టుపనిలో పెట్టాలని వచ్చారు. మార్కండేయులుగారు ముందు షహీన్‌ను పక్కకు పిలిచి, కష్టమెక్కడో అడిగారు. ఆ పిల్ల ఉన్నమాట చెప్పింది.

"బోర్డు పరిగెత్తినట్ల పోతాండాది సార్. నిలపమని యాడ అడిగేది? మీరు గూడా దాన్నే చూస్తాంటిరి."

వారు తిన్నగా ఉపాధ్యాయుల గదిలోకి వచ్చి, మనందరి ఎదుట బుడన్‌సాబ్ ముందు నిలబడ్డారు.

"తప్పు బిడ్డది కాదప్పా, నాది. బోర్డును చూస్తా బిడ్డల్ని చూడల్యా. పదో తరగతి పరీక్షలదాకా నాకు గడువియ్యి."

గదిలో ఎవరూ తలెత్తలేదు. వృత్తి గౌరవం మంటగలిసిందని లోలోపల గొణుక్కున్నవారూ లేకపోలేదు. బుడన్‌సాబ్ మాత్రం కూతుర్ని తరగతికి పంపి వెళ్లిపోయారు.

మర్నాటినుంచి వారి పద్ధతి మారింది. రెండు నిమిషాలు నడిపి వీడియో ఆపేవారు. తరువాత ఏమొస్తుందో పిల్లల్నే చెప్పమనేవారు. బోర్డుమీద విద్యార్థి గీసిన తప్పు రేఖను చెరపకుండా ఉంచి, తప్పెక్కడుందో తరగతి అంతా కలిసి వెతికేలా చేసేవారు. తాము వెనక బల్ల దగ్గర నిలబడి ముఖాలు గమనించేవారు. ఆ తరువాత పెనుకొండలో సహోపాధ్యాయులకు ఇచ్చిన శిక్షణలో, అన్నిటికంటే ముందు వీడియో ఆపడమెలాగో నేర్పించారు.

2025 పదవ తరగతి పరీక్షల్లో షహీన్ గణితంలో డెబ్బైఎనిమిది సాధించి, నేడు పాలిటెక్నిక్ చదువుతోంది. ఫలితాలనాడు బుడన్‌సాబ్ బడికి వచ్చి వారి చేతులు పట్టుకున్నారు.

"పాసయ్యింది అట్లుండనీ సార్. ఆ పొద్దు మీరు తప్పు నాదనకుంటే, నా బిడ్డకి బుర్ర లేదని సచ్చేదాకా నమ్మిందును."

ఆ మాట విన్నప్పుడు మనలో ప్రతి ఒక్కరికీ, మనం అలా అనక చేజార్చుకున్న ఒక బిడ్డ ముఖం గుర్తుకొచ్చింది. అందుకు సిగ్గుపడ్డాం కూడా.

2026 జనవరి ముప్పైఒకటిన పదవీ విరమణ చేస్తున్న శ్రీ మార్కండేయులుగారు, ధర్మపత్ని సుబ్బలక్ష్మమ్మగారితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, వీలైనప్పుడల్లా వచ్చి మన తరగతుల్లో వెనక బల్లమీద కూర్చుని, మనం పిల్లల్ని చూడనప్పుడు మనల్ని ఆపాలని వేడుకుంటున్నాం.