సీల పెట్టని బెజ్జం

ఆ బెజ్జమా? అది సీలకి. సూడు, ఈ పక్క కర్రసీల ఉంది, నల్లగ. ఆ పక్కది ఖాళీ. పడిపోలేదు, పుచ్చిపోనూ లేదు. దానికి ఎప్పుడూ పెట్టలేదు. సెప్తాను ఉండు. ముందు ఈ ఫోను... నోటికాడ పెట్టుకోవాలా? ఒడిలో పెట్టుకుంటే ఇనపడదా? బోన్, సరే, ఒడిలోనే ఉంటాది మరి. ఈ పెట్టె సూపించీదానికి సేతులు కావాల నాకు.

తాత కొట్టంలో ఇన్ని సామాన్లుంటే నీకు ఈ పెట్టే కనపడిందేటి? మీ అన్న కొన్నాడు కదా కరెంటు మిషను, గుర్రుమని తిరిగి బెజ్జం తొలిసీది. అది సేసిన పనే ఇదీ సేసీది. నెమ్మదిగ సేసీది, అంతే. పట్నం వడ్రంగులు గబారి అనీవోలు. మాం అచ్చు అనీవోలం.

ఇది మా అయ్య సేసినాడు. నీకు ముత్తాత. ఆయన పుట్టు వడ్రంగోడు కాదమ్మా. మిల్లులో పని. ఇప్పుడు ప్లేన్ మాన్యెన్‌లో ఇమానాలు దిగుతున్నాయి సూడు, అక్కడినుంచి సముద్రం దాకా సెరుకే అప్పుడు. మిల్లులో సెరుకు తోస్తా ఉంటే ఎడం సెయ్యి లోపలికి పోయింది. సెయ్యంతా కాదులే, ఏళ్ళు. బొటనేలు ఒక్కటే మిగిలింది. అలోర్, ఇంకేటి, సెరుకు నరకలేడు, బండి తోలలేడు. సర్దారు, కూలోల మీద మేస్త్రీ, వొచ్చి గుమ్మంలో నిలబడి, పని లేనోడికి కూలోల కాంపులో గది ఉండదు అన్నాడట. నాను సిన్న గుంటని, నాకు తెలీదు. మాయమ్మ సెప్పింది తరవాత.

మిల్లులో ఒక క్రియోల్ ముసలాయన ఉండీవోడు, వడ్రంగి. అందరూ తొంతొన్ అనీవోలు, మనం మావయ్య అన్నట్టు. ఆయన మా అయ్యకి ఒక ఉలి ఇచ్చినాడు, అరిగిపోయిందే, మంచాలు సెయ్యరా అన్నాడు. కాంపులో అందరూ నేల మీదే పడుకునీవోలు మరి. వానలొస్తే కింద తేమ, పైన దోమ. మంచం కావాల, కొనీదానికి ఎవుడి దగ్గిరుంది? మేకులే కొనలేం. సీనావోడి కొట్టులో మేకులు తూకమేసి, కాయితంలో సుట్టి, మందు ఇచ్చినట్టు ఇచ్చీవోడు. అందుకని మేకు లేకుండ సెయ్యాల. కోడుకి, అదే మంచం కాలికి, బెజ్జం. పట్టె కొనకి కుసి, నాలికలాగ. కుసి ఎళ్ళి బెజ్జంలో కూకుంటే మంచం కదలకూడదు.

ఒంటి సెయ్యోడు బెజ్జం ఎలగ కొడతాడు, సెప్పు? ఉలి పట్టీదానికి ఒక సెయ్యి, కొట్టీదానికి ఒక సెయ్యి. మాయమ్మ సెరుకు పనినుంచి వొచ్చి పట్టీది, అయ్య కొట్టీవోడు. కూకున్నంతసేపూ వోలిద్దరూ కొట్లాటే.

"కదపకు" అనీవోడు.

"నాను కదపలేదు. నీ సూపే కదుల్తంది" అనీది.

"నువ్వు మాటాడితే ఉలి కూడా మాటాడతాది. నోరుముయ్యి."

"ఉలి మాట ఇంటావు గాని నా మాట ఇనవు కదా."

అలగుండీది. ఏటి సెప్తన్నాను? ఆ, జొరం. మాయమ్మకి సలిజొరం పట్టుకుంది. అప్పుడు ఈ దీవంతా అదే, ఇంటికొకలికి. వొచ్చిందంటే పళ్ళు టకటకమని కొట్టుకునీవి. నా సీరె కూడా తీసి కప్పీదాన్ని... సీరె కాదు, నాకు సీరె ఎక్కడిది అప్పుడు, గోనె. గోనె కప్పీదాన్ని. ఒక రోజు ఉలి పట్టుకున్నాది, సలి వొచ్చింది, సెయ్యి జారింది. అయ్య దెబ్బ ఎళ్ళి మాయమ్మ ఏళ్ళ మీద పడింది. ఏడవలేదు. సెయ్యి సంకలో పెట్టుకుని, "నీకు ఏళ్ళు లేవని నావి కూడా తీసేస్తావా ఏటి" అంది. నవ్వుతా అంది. అయ్య నవ్వలేదు. సుత్తి కింద పెట్టి బయటికెళ్ళిపోయినాడు.

ఆ తరవాత కొట్టలేదు. ఇరిగిపోయిన బండి సెక్కలు తెచ్చుకున్నాడు, తొంతొన్ దగ్గిర కూకున్నాడు, ఏటో సేస్తన్నాడు. అదే ఈ పెట్టె. ఇలగ తొట్టిలాగుంది కదా, ఇందులో మంచం కోడు పడుకోబెట్టాల. సీల దిగ్గొడితే కోడు కదలదు. ఎర్రగ కాల్చిన సువ్వతో ముందు గుచ్చీవోడు. ఆ మీదట ఈ దిమ్మ, సూడు, మధ్యలో పన్నులాగ ఉంది, అది ఇరిగిన సెరుకు కత్తి ముక్క. దిమ్మని ఒక్క సేత్తో ముందుకీ ఎనక్కీ తొయ్యాల. పన్ను గీసుకుంటా ఎళ్తాది. పన్ను కొంచెం దించు, మళ్ళీ తొయ్యి. పక్కన ఈ రెండు బద్దలు దాటి ఎళ్ళదు అది, అందుకని ప్రతి బెజ్జం ఒకే కొలత. పట్టె కొన కూడా ఇందులోనే పెట్టి అదే పన్నుతో గీస్తే కుసి వొచ్చీది. ఒకటే పన్ను కదా, కుసి ఎళ్ళి బెజ్జంలో సరిగ్గ కూకునీది. సుత్తి దెబ్బ లేదు, ఇంకో సెయ్యి అక్కరలేదు.

అక్కడే వొచ్చింది సిక్కు. ఇంకో సెయ్యి అక్కరలేదు.

మాయమ్మ గుమ్మంలో నిలబడి సూసింది. అయ్య మొదటి బెజ్జం తొలిసి కోడు ఎత్తి సూపించినాడు, సిన్న పిల్లోడిలాగ. "బాగుంది. ఇంక నాతో పని లేదు" అంది. ఎళ్ళి గోడకేసి తిరిగి పడుకుంది. జొరం మడిసి సెరుకు పనికి రావొద్దని సర్దారు అప్పటికే సెప్పేసినాడు. వొంట నాను సేస్తన్నాను. అలోర్ ఆమె ఎందుకు లెగాల? జొరం లేని రోజు కూడా లెగలేదు. గెంజి ఇస్తే పక్కన పెట్టీది. ఈ మడిసి ఇలగే పోతాది అని పక్క గదోలు అయ్య ముందే అన్నారు.

మర్నాడు అయ్య గుమ్మంలోంచి పిలిసినాడు. "ఒలే, ఇలగ రా. రెండో పక్క సీల లేదు. కోడు లెగిసిపోతంది. పట్టుకో."

మాయమ్మ గోనె తల మీదికి లాక్కుంది.

"పట్టుకోయే. పాడైపోతంది కర్ర."

లెగిసింది. తిట్టుకుంటా వొచ్చి కూకుని, ఇక్కడ, ఇదిగో ఈ ఖాళీ బెజ్జం మీద అరిసెయ్యి పెట్టి నొక్కింది. నీ సెయ్యి పెట్టు. నున్నగ లేదూ? అది ముందు మాయమ్మ సెయ్యి, తరవాత నాది.

రోజూ అంతే. కూకునీది, నొక్కీది, తిట్టీది. ఇద్దరికీ ఒకే కంచంలో పెట్టమనీది, మళ్ళీ లెగాలి కదా అని. పట్టెలు పొయ్యి మీద కట్టి ఎండబెట్టీ పని నాది. పట్టె బాగ ఎండాల, కోడు పచ్చిదుండాల. పచ్చి కోడు ఎండుతా ఎండుతా కుసిని పట్టుకుంటాది, ఇంక వొదలదు. కొత్త పెళ్ళోలు వొచ్చి, కిర్రుమంటందమ్మా మంచం అంటే, "వానలెళ్ళనియ్యండి, అదే నేర్చుకుంటాది, మీరూ నేర్చుకోండి" అని నవ్వీది. ఆ నవ్వు నానెప్పటికీ... బోన్.

నాను అడిగినాను. అయ్యా, రెండో సీల సెయ్యవేటి? పనసకర్ర దొరకలేదు అన్నాడు. ఇంకోసారి అడిగితే ఉలి మొండి అన్నాడు. ఇంకోసారి, నీకెందుకే, పొయ్యి సూసుకో అన్నాడు. మాయమ్మ పక్కనే ఉంది, తల ఎత్తలేదు.

మరి ఆ సీల ఉందమ్మా. మొదటి రోజే సేసినాడు. ఇంటి కప్పు గడ్డిలో దాచినాడు. నాకు ఎలగ తెలిసిందంటే మాయమ్మే సెప్పింది. సివరికి జొరం బాగ ముదిరిపోయింది. ఒక సాయంత్రం నన్ను దగ్గిరికి రమ్మని తలగడ కిందనుంచి తీసి నా సేతిలో పెట్టింది. పనసకర్రే. పసుప్పచ్చగ, సిత్రిక పట్టి, ఎంత సక్కగ సేసినాడు.

"సేట కోసం కప్పులో సెయ్యి పెడితే దొరికింది, ఎప్పుడో. మళ్ళీ అక్కడే పెట్టీసినాను. నిన్న లెగిసి తీసినాను. నాకు ఎరికేనని తెలిస్తే మీ అయ్య ఇంక పట్టుకో అనలేడు. సిగ్గు ఆయనకి" అంది. "ఇప్పుడు ఆయనకి ఇచ్చీయి. కర్ర దొరికిందని సెప్పు."

ఆ వారంలోనే పోయింది. నాను సీల తీసుకెళ్ళి ఇచ్చినాను. అయ్య అటూ ఇటూ తిప్పి సూసినాడు. ఎక్కడిది అని అడగలేదు. మళ్ళీ కప్పులో పెట్టీసినాడు. ఆ కప్పు తుపానుకి పోయింది, సీల కూడా పోయింది.

ఆ మీదట పని నేర్చుకుంటానని సెయింట్ పియర్ ఊరినుంచి మీ తాత వొచ్చినాడు. పొడుగ్గ, పెద్ద సెవులు. మొదటి రోజే అన్నాడు, "మావా, ఇక్కడ సీల లేదేటి?" అయ్య అన్నాడు, "దానికి మడిసి కావాలిరా." నన్ను పిలిసి కూకోమన్నాడు. మా పెళ్ళి అదే అనుకో, పంతులు తరవాత వొచ్చినాడు. మీ తాతకి రెండు సేతులూ బాగానే ఉండీవి కదా? సీల సేసుకోలేడా? సెయ్యలేదు. ముసలోడయి కొట్టంలో స్టూళ్ళు సేసిన రోజుల్లో కూడా, ఒలే, పట్టుకో, అని పిలిసీవోడు. వొంట మాడిపోతంది అంటే, మాడనీ అనీవోడు.

మీ అన్న మిషన్ మీద కొత్త సీల సేయిస్తానంటన్నాడు. వొద్దని సెప్పు. నువ్వు తీసుకెళ్తావా ఈ పెట్టె? ఎబెన్‌లో నీ ఆపీసు బల్ల మీద పెడతావా, నవ్వుతారు నిన్ను. తీసుకెళ్ళు. నీ సేతులు సల్లగుండాల తల్లీ, నీకు పట్టుకోమనీవోడు దొరకాల.

మొన్న ఆస్పత్రినుంచి తెచ్చినాం కదా తాతని. మాట పడిపోయింది. సాయంత్రం కుడి సెయ్యి దుప్పటి మీద ముందుకీ ఎనక్కీ, ముందుకీ ఎనక్కీ ఆడిస్తన్నాడు. నొప్పేమో, నర్సుకి సెప్పాలా అంది మీ అమ్మ. నాకు తెలుసు. పక్కన కూకుని మంచం పట్టె మీద అరిసెయ్యి పెట్టి నొక్కినాను. పట్టుకున్నాను, తొయ్యి, అన్నాను. సానాసేపు తోసినాడు. ఆ మీదట సెయ్యి ఆగింది, నిద్దరపట్టింది అనుకున్నాను. సెయ్యి తియ్యకుండ నాను కూడా అక్కడే కన్ను మూసినాను.

తెల్లారేసరికి మీ తాత లేడు.