దగ్గరికి తెచ్చే గొట్టం

నీకేమి మేయ్, నువ్వు పోయి సల్లగా పడుకున్నావు! ఈడ నా గతి ఎవురికి చెప్పుకోవాల? పెండ్లాం సచ్చిపోయిన దినం ఈ ఓబులయ్య ఏం చేసినాడంటే, ఎడారిలో ఖాళీ పాలడబ్బా నెత్తికి ఎత్తి పట్టుకోని నిలబడినాడు. చెప్తే నలుగురూ నవ్వుతారు. నువ్వు గూడా నవ్వేదానివే శివకుమారీ, ఉండింటే.

పెట్టె సర్దుకుంటాండా. మూత పడడంలా. ఈ చీర చూడు, చిలకపచ్చది, నువ్వు అడిగిన రంగే. మడత గూడా విప్పలా. పెట్టుకోని రావాల్నా, ఈడనే పారేయాల్నా? చెప్పు మేయ్! ఎప్పుడూ ఇంతే నువ్వు, అడిగినప్పుడు నోరు తెరవవు.

పొద్దున ఫోనొచ్చింది. ఇంట్లో పనిచేసే పర్వీన్ పరిగెత్తుకోని వచ్చి, "ఓబులయ్యన్నా, మీ ఊర్నుంచి" అనింది. నువ్వే అనుకున్నా. ఒట్టు! ఫోన్ బూతు కాడ నిలబడి, మీటరు చూసుకుంటా గసపోసుకుంటా మాట్లాడతావే, ఆ గొంతే చెవిలో పెట్టుకోని పోయినా. ఎత్తితే నీ తమ్ముడు గిరి. ఏడుస్తాండాడు. "రాత్రి కడుపులో నొప్పి అనింది బావా, తెల్లారేసరికి లేదు" అన్నాడు. ఏమిరా, లేదంటే ఏమిరా అని అడిగినా. మళ్ళా అదే మాట.

ఆమీట అన్నాడు: "నువ్వు వస్తానంటే ఐసుగడ్డలు తెప్పిచ్చి రేపటిదాకా పెడతాము. బూతు కాడ మనిషిని పెడతా. పొద్దుగూకేలోగా ఫోన్ చెయ్ బావా. చేయకుంటే నీకు సెలవు దొరకలేదనుకోని, పొద్దుగూకంగానే ఎత్తేస్తాము."

అంతే కదా! మా అరబ్బు యజమాని బాబా సెలవు కాయితం మీద ఒక్క సంతకం పెడితే చాలు, రాత్రికి విమానం ఎక్కొచ్చు. నీ మొగం చూడొచ్చు. అంతకుమించి ఏమడిగినా నేను?

మరి పొద్దునే ఎందుకు అడగలేదంటావా? నీకు తెలీదు మేయ్, ఈడ అడిగేదానికి ఒక లెక్కుండాది. మేముండే ఈ ఘర్రాఫాలో నా మాదిరి ఏ డ్రైవర్నైనా అడుగు. సెలవు మాట బాబా నవ్వుతాన్నప్పుడే తీయాల. చిరాకులో ఉన్నప్పుడు అడిగితే ఒకసారి కాదంటాడు, ఇంక ఆ నోరు మళ్ళా ఔననదు.

బాబా ఈ పొద్దు మంటమీద ఉన్నాడు. పోయినసారి వేటకు పోయి జింకను తప్పిచ్చినాడంట, జతగాళ్ళు నవ్వినారంట. తప్పు నాది కాదు, తుపాకీ మీదుండే గొట్టానిది అంటాడు. అదే, దూరంగా ఉండేదాన్ని దగ్గర చూపిస్తాదే, ఆ అద్దాల గొట్టం. కొత్తది కొనాలని రెండు తెచ్చి పెట్టుకున్నాడు. రెంటిలో ఏది పనికొస్తాదో తేలక ఇంటిల్లిపాదినీ కసురుకుంటాండాడు.

నేనేమనుకున్నా? గొట్టం తేలిపోతే నవ్వుతాడు, నవ్వితే అడుగుతా అనుకున్నా. అందుకే బాబా "యల్లా ఓబు, పోదాం పద" అనంగానే ఎగేసుకోని పోయి బండి తీసినా. అల్ ఖోర్ దావలో ఇసుకలోకి దించినా.

ఒకటేమో కదలని గొట్టం, ఎంత చూపిస్తాదో అంతే. ఇంకోదానికి మెడకాడ తిప్పే కడియం ఉండాది, దాని మీద మూడు నుంచి తొమ్మిది దాకా అంకెలు. మూడు కాడ పెడితే ఎడారంతా కనపడతాది, మనిషి చీమంత. తొమ్మిదికి తిప్పితే ఒక్క మనిషే గొట్టం నిండా. "ఇదే మంచిది బాబా, దగ్గరికీ పనికొస్తాది, దూరానికీ పనికొస్తాది" అని నేను ముందే అన్నా. తొందర నాది కదా! ఆయన వింటాడా? అంగడాయన లియాఖత్ అలీ చెప్పినాడంట, తొమ్మిది కాడ చెయ్యి వణికితే బొమ్మ వణుకుతాది, సందేళకు మసకబారతాది అని. జింకలు బయటికొచ్చేది సందేళే. ఆ వెలుతుర్లోనే చూసి తీరాలంటాడు బాబా.

గొట్టంలో గురి చూసుకునేదానికని పాలడబ్బా ఇచ్చి నన్ను దూరంగా పంపినాడు. తుపాకీ లేదులే, బెదరొద్దు. బానెట్ మీద గొట్టాలు ఆనిచ్చి చూస్తాండాడు. హారన్ కొడితే నేను ఇంకా దూరం పోవాల. నడిచినా. డబ్బా ఎత్తినా. మళ్ళా హారన్. మళ్ళా నడిచినా. కేకేసి చెప్దామంటే గాలి. అయినా ఇట్లాంటి మాట కేకేసి చెప్తారా ఎవురైనా?

ఏడవకూడదనే అనుకున్నా. ఆడ ఎవురున్నారు చెప్పు, చూసేదానికి? అందుకే ఏడ్చినా. డబ్బా దించకుండానే ఏడ్చినా. నడమ నడమ పొద్దు పక్క చూసుకుంటాండా. ఇంకా బారెడు పైనే ఉండాది. పర్వాలేదు, టైముండాది, కుమారి ఉంటాది అనుకుంటాండా.

అంతలో బండి నా మీదికే వచ్చింది. బాబా దిగినాడు. కడియం తొమ్మిదికి తిప్పినాడంట, నా మొగం కనపడిందంట, కన్నీళ్ళు కారేది గూడా. ఇన్నేండ్లు ఒకే బండిలో కూర్చున్నాము మేయ్, ఏ దినమూ నా మొగం పక్కకు చూసినోడు కాదు. "ఏమైంది?" అన్నాడు. చెప్పినా.

తలమీద చేతులు పెట్టుకున్నాడు. "మజ్నూన్! పిచ్చోడా! పొద్దున్నే ఎందుకు చెప్పలేదు? అప్పుడే పంపేవాణ్ణి కదా!" అన్నాడు. అని, ఆయన కండ్లు గూడా తుడుచుకున్నాడు. తిట్టింటే బాగుండు. కొట్టింటే ఇంకా బాగుండు.

జేబులోంచి ఫోన్ తీసి ఆయనే నంబరు కలిపిచ్చినాడు. గిరి ఎత్తినాడు.

"వస్తాండా గిరీ, రాత్రికే, అక్కను పెట్టండి!" అన్నా.

వాడు "పొద్దుగూకే దాకా చూసినాము బావా. మట్టేసి ఇప్పుడే వచ్చినాము" అన్నాడు.

"పొద్దు ఇంకా ఉండాది కదరా!" అని అరిచినా. నా కండ్లెదురుగానే ఉండాది మేయ్, ఎర్రగా, పండు మాదిరి. ఈడ.

నాకు తెలీదా? ఆడ చీకటి పడినంక గదా ఈడ పొద్దుగూకేది! నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేనే చెప్పేవాణ్ణి, "మీకు దీపాలు పెట్టే టయం, మాకింకా ఎండ" అని. నువ్వు పకపకా నవ్వేదానివి. తెలుసు. బాగా తెలుసు. ఈ పొద్దు ఒక్క పొద్దే మర్చిపోయినా.

సంతకం పెట్టినాడు. ఎన్ని దినాలు కావాలంటే అన్ని దినాలు ఉండి రా అన్నాడు. దేన్ని చూసేదానికి రావాల?

ఇంకోటి చెప్తా, నవ్వొద్దు. ఎడారిలో బాబా ఫోన్లో నా టికెట్టు సంగతి మాట్లాడతా అట్ల పోయినప్పుడు, ఆ గొట్టం తీసుకోని మన ఊరి దిక్కుకు పెట్టినా. ఇసుక. కడియం తిప్పినా. తొమ్మిది కాడ ఆగింది. ఇంకా తిప్పినా, బలంగా తిప్పినా. తిరగలా మేయ్.