శబ్బాతునాడు కలం పట్టినామె

ఆదివారం పొద్దున్నే, న్యూయార్క్‌లో యూదులుండే తూర్పు వాడలో నాలుగో అంతస్తు మెట్ల మీద, చంటిదాన్ని చంకనేసుకున్న కుట్టుపనామెను పక్కింటి పిన్ని ఆపింది.

“మీ ఆడవాళ్ళ ఓటుహక్కు సంఘం అమ్మాయి నిన్నొచ్చిందే పిల్లా! నువ్వేమో అత్తగారింట్లో ఉన్నావు. మన ఆడవాళ్ళందరి పేర్లూ రాసుకుపోయింది.”

“నిన్నా? శనివారమా?”

“మన యిడ్డిష్ భాష ఎంత ముచ్చటగా మాట్లాడిందనుకున్నావ్!”

“పిన్నీ, పేర్లు ఎవరు రాశారు?”

“రాతపని కూడా చేయకూడని శబ్బాతు పూట మేమెందుకు రాస్తామే? మేం చెప్పాం, ఆమే కలం తీసి రాసుకుంది.”

“మా సంఘంలో ఈ వాడ తిరిగేవాళ్ళంతా మనవాళ్ళే. శబ్బాతునాడు కలం పట్టుకుని ఎవరొస్తారు?”

పిన్ని మొహంలో నవ్వు ఆగిపోయింది.

“ఇంకేం అడిగింది పిన్నీ?”

“ఎవరెవరు ఏ షాపులో కుడతారని. మీ షాపువాళ్ళు పదకొండుమందినీ చెప్పాం.”

“పక్క వీధి షాపులోనూ ఇలాగే యజమాని పంపిన మనిషెవరో పేర్లు రాసుకెళ్ళారు. పోయిన సోమవారం యజమాని ఆ పేర్లు గుమ్మం దగ్గర చదివి, ఒక్కొక్కర్నే బయటికి గెంటాడు.”

“అయ్యో... మొదట నీ పేరే చెప్పానే. వీళ్ళందర్నీ కూడగట్టింది ఇదేనని గొప్పలు కూడా పోయాను.”

ఆమె చంటిదాన్ని పిన్నికి అందించింది.

“దీన్ని చూస్తూండు. రేపు ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలవకముందే, పదకొండుమందిమీ ఒక్కసారే లోపలికి నడవాలి; అందర్నీ గెంటితే యజమానికి కుట్టేవాళ్ళుండరు. తలుపులన్నీ తట్టొస్తాను.”